కంప్లైంట్: వెలుగు లేదు

ఊర్వశి జంక్షన్ దాటాక మూడో షట్టర్ నాది.
ఫ్రిజ్జులు బాగుచేస్తాను.
ఎవరూ తిరిగి పట్టుకెళ్లని ఓ పాత సింగిల్ డోర్‌కి
థర్మోస్టాట్ పీకి, వేరేది బిగించి
ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర నిలబెట్టాను.
లోపల కూరగాయల్లేవు.
మా ఇంట్లోవాళ్లు దాని తలుపు ముట్టుకోరు.

మొదలంతా మసేనమ్మ గంపతోనే.
హార్బర్ నుంచి తెస్తుంది కారచేపలు.
కూరకి ఎవరూ కోరి కొనరు,
మిగిలినవి కోళ్ల మేతకి పోతాయి.
ఆ చేప గొంతు చుట్టూ ఓ ఉంగరం ఉంటుందని
ఆ ఉంగరంలో కంటికానని జీవాలు
దీపాలు పెట్టుకుని కాపురముంటాయని
పాత కాగితాల కొట్లో కిలో లెక్కన కొన్న పుస్తకంలో చదివాను.
అందులో సగం పేజీలు లేవు.
ఆ సగం నేనే చేసి చూసుకోవాలి.

పూర్ణామార్కెట్లో చైనా గ్రాస్ పొట్లాలు రెండు.
బీచి రోడ్డు దిగి, తెల్లారగట్ట
ఐదు లీటర్ల క్యానుతో మోకాలిలోతు నీళ్లలో నిలబడితే
నడకకొచ్చినవాళ్లు ఏదో మొక్కనుకున్నారు.
ఒకాయన దణ్ణం కూడా పెట్టాడు.
చేప తలల చారు వడగట్టి, సముద్రం కలిపి
కుక్కర్లో ఇరవై నిమిషాలు.
విజిళ్ల లెక్క వంటకి. దీనికి గడియారమే.

మొదటిసారి బూజు.
రెండోసారి, పక్కగదిలో పొంగుతున్న ఇడ్లీపిండి
నాకంటే ముందే సీసాలోకి చేరింది.
మూడోసారి ఏదో గులాబీ రంగుది, పేరు తెలీదు,
అందంగానే ఉంది, పారబోశాను.
ప్రతిదీ బిల్లు పుస్తకంలో రాశాను, కార్బన్ పెట్టి.
కస్టమర్: కార.
కంప్లైంట్: వెలుగు లేదు.
మార్చిన పార్టు: ఉప్పు.
చార్జి దగ్గర ఓ గీత.

ఎవరినైనా అడుగుదామని యూనివర్సిటీ గేటుకెళ్లాను.
"ఏ డిపార్ట్‌మెంటండీ?" అన్నాడు వాచ్‌మన్.
నోటికొచ్చింది, "రిఫ్రిజిరేషన్".
దారి చూపించి మరీ పంపాడు.
నిజంగానే ఓ గదిలో డీప్ ఫ్రీజర్ ఏడుస్తోంది.
రిలే మార్చి, కూలి బదులు గాజు మూతలు అడిగాను.
అంచులు చిట్లినవి ఆరు ఇచ్చారు.
అడగాలనుకున్నది అడగలేదు.

ఏడోసారి.
రాత్రి కరెంటు పోయింది, షట్టర్ సగం దించి ఉంది.
కొవ్వొత్తి కోసం తడుముతూ ఫ్రిజ్ తలుపుకి తగిలాను.
ఏమీ కనపడలేదు.
అక్కడే కూలబడి బీడీ కూడా ముట్టించకుండా కూర్చున్నాను.
పది నిమిషాలకి, గాజు మూతలో,
ఆవగింజలంత చుక్కలు.
స్టవ్ మంట అడుగున ఉండే నీలం,
వేడి లేకుండా.

సీసాలో పెంచింది మాత్రం తెల్లారేసరికి మసకబారింది.
మర్నాడు రాత్రి మసేనమ్మని పిలిచాను.
ఓ చచ్చిన కంప్రెసర్ మీద కూచుని చూసింది.
"గాలాడక సస్తంది" అని
సీసా లాక్కుని, మూత వదులు చేసి
చల్ల చిలికినట్టు కుదిపింది.
గది గోడ మీద ఆమె వేళ్లు కనిపించాయి.
రాశాను. మార్చిన పార్టు: గాలి.

"ఓస్, ఇదేటి కొత్త?" అంది ఆమె.
"అమాస రేత్రి వల లాగితే సేతులకంటుకునేదే కదా.
మా మావ గెడ్డం నిండా ఉండేది, నవ్వేవోళ్లం."
అదీ ఇదీ ఒకటి కాదేమో అన్నాను.
"కాదని నువ్వు సూసినావా?"
లేదు.
"మరి సూడు."

గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.
మిగిలిన సీసాల్లో బ్లీచింగ్ పోశాను, ప్రతిసారీ పొయ్యాలి.
ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను,
అది ఎక్కడా రాయలేదు.

కొత్త పేజీ.
కస్టమర్: మసేనమ్మ.
కంప్లైంట్: రెండూ ఒకటేనా?
అమావాస్య శుక్రవారం.
పడవలో చోటడగాలి.
క్యాను కడగాలి.