నదిలో ఇంటి నంబరు

నా పని అక్షరాలు దిద్దడం.
ముప్పై ఐదో సంవత్సరం, ఎన్నికల ముందు అక్టోబరు,
టొలీడో ఊళ్లో లాంటర్న్ పత్రిక రెండో అంతస్తు.
ఆకుపచ్చ గొడుగు దీపం కింద
తడి ప్రూఫులు మోచేతులకు అంటుకుంటుంటే
పేలు ఏరినట్టు కామాలు ఏరేదాన్ని.

ఎగిరిపోయిన అక్షరానికో గుర్తుంది మా దగ్గర,
తలకిందులైన అక్షరానికో గుర్తుంది.
అబద్ధానికి లేదు.

అమ్మకాలు పడిపోయిన వారం
విలేకరి డెల్ ప్రూయిట్ ఒక మనిషిని కన్నాడు.
ఆలూ లేదు చూలూ లేదు,
పేరు మాత్రం ఎబ్నర్ స్లోకమ్.
గాజు ఫ్యాక్టరీ గెంటేసిన పనివాడట,
రోజూ మాకు ఉత్తరం రాస్తాడట:
"మా ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.
మీ పక్కింటాయన పేరు మీకు తెలుసా?"
అంతే, రెండు ముక్కలు.

"ఇంటి నంబరు లేకపోతే జనం నమ్మరు"
అన్నాడు యజమాని హాగ్‌స్ట్రమ్, చుట్ట కొస కొరికి ఉమ్ముతూ.
417, వాటర్ స్ట్రీట్ అని వేశాం.
నాకు తెలుసు, ఆ వీధి 390తో అయిపోతుంది.
తరవాత నాలుగు మెట్లు.
తరవాత మామీ నది.
అంకెలు సరిగ్గానే పడ్డాయి కదా అని
టిక్కు పెట్టి కిందికి పంపాను.

పదో రోజున పోస్ట్‌మాన్ మెక్‌గార్టీ
గోనెసంచీ తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు.
"ఈ అడ్రసుకి పడవేసుకుని వెళ్లాలమ్మా."
ఒక కవర్లో పది సెంట్లు, కుర్చీకి మేకులు కొనుక్కోమని.
యాద్విగా అనే ఆవిడ పోలిష్‌లో నాలుగు పేజీలు రాసింది,
చివర్లో గీసిన కెటిల్ బొమ్మ ఒక్కటే నాకు అర్థమైంది.
నిజం ఎబ్నర్ స్లోకమ్‌లు కూడా ఇద్దరు దిగారు.
ఒకడు జీతం అడిగాడు.
రెండోవాడు, బోసినోటి ముసలాయన,
టోపీ తీసి నలుపుతూ అన్నాడు:
"నేను రాయలేదు. రాయాల్సింది మాత్రం నేనే."

హాగ్‌స్ట్రమ్ ఉత్తరాలు చదవలేదు.
లెక్కపెట్టించాడు, వార్డుల వారీగా.
కౌన్సిల్‌కి నిలబడ్డవాడు ఆయన బావమరిది.
మర్నాటి నించి ఎబ్నర్ గొంతు మారింది.
రెండు వాక్యాలు రెండు కాలమ్‌లయ్యాయి.
"మనం" పదకొండు సార్లు,
"వాళ్లు" పద్నాలుగు సార్లు.
వాళ్లంటే ఎవరు? అని అంచున రాశాను.
నీ పని కామాలు, అని జవాబొచ్చింది.

శుక్రవారం రాత్రి ఆఖరి ప్రూఫు.
రేపు ఆర్మరీ హాల్లో మహాసభ, ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకోండి.
పెన్సిలు చెక్కుకున్నాను.
ఆర్మరీ హాలు కొట్టేసి
"మా ఇంటి దగ్గర" అని రాశాను.

అక్కడ బ్యాండు మేళం, బావమరిది, ముగ్గురు పోలీసులు.
ఇక్కడ మంచులో జనం,
నెత్తిన కుర్చీలు, చంకల్లో స్టూళ్లు,
తలుపుల మీది అంకెలు పైకి చదువుతూ:
మూడొందల ఎనభై రెండు, ఎనభై ఆరు, తొంభై.
తరవాత మెట్లు. తరవాత నీళ్ల చప్పుడు.

ఎంతసేపో ఎవరూ మాట్లాడలేదు.
బోసినోటాయనకి ముందు నవ్వొచ్చింది.
నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, కుర్చీ అక్కడే వేసుకుని,
పక్కనున్నావిడని అడిగాడు, "మీ పేరేంటమ్మా?"
ఆవిడ కెటిల్ కింద పెట్టి చెప్పింది.

అందరూ కూర్చోలేదు.
కొందరు మా ఆఫీసు కిటికీలు పగలగొట్టారు.
ఒక ఇటుక నా దీపానికే తగిలింది.
అందులో న్యాయం లేదని నేననను.

నన్ను తీసేస్తూ ఆఖరి పని అప్పజెప్పారు,
చీమ తలకాయంత టైపులో సవరణ:
"నిన్నటి సంచికలో సభాస్థలి
పొరపాటున తప్పుగా ముద్రితమైనందుకు చింతిస్తున్నాం."

చదివాను. కామాలు సరిగ్గా ఉన్నాయి.
"పొరపాటున" అన్న మాట మీద గీత పెట్టి,
తోక మెలేసి,
కోటు తొడుక్కున్నాను.