రూపాయి వైపు చూడు

యశ్వంతపుర యార్డు వెనక మా దర్శినిలో
గీతల గ్లాసులు నూట నలభై.
రాత్రి పదిన్నరకి షట్టర్ సగం దించి
ఒక్కొక్కటీ బోర్లించి లెక్క రాసుకోవడం నా పని.
పగిలినదానికి పద్దెనిమిది రూపాయలు,
ఎవరి చేతిలో పగిలితే వాళ్ళ జీతంలోంచి.

పగలంతా యజమాని చేసే మాయ ఒకటుంది.
ఒక కాఫీ, బై-టూ, అంటే చాలు
రెండు గ్లాసులూ నిండుగా వస్తాయి,
సగం నురగ.
దానికెవరూ చప్పట్లు కొట్టరు.

ఓబులేసు మాయ షట్టర్ దించాకే.
పెనుకొండ నించి గ్లాసులు కడగడానికొచ్చాడు,
సబ్బునీళ్ళకి వేళ్ళ చివర్లు
నానేసిన శనగల్లా ఉబ్బి ఉంటాయి.
ఏదో సంతలో పంటి మందు అమ్మేవాడి దగ్గర
రెండు కట్టల బీడీలిచ్చి నేర్చుకున్నాడట.
మాది నిలబడి తినే చోటు, కుర్చీ అన్నది లేదు.
"దీనికి కూర్చోవాల సామీ" అని
నూనె డబ్బా బోర్లించి కూర్చుంటాడు
ఉల్లిగడ్డలు తరిగే బల్ల ముందర.

రూపాయి పెడతాడు.
దానిమీద గ్లాసు బోర్లిస్తాడు.
గ్లాసుకి నిన్నటి పేపరు చుట్టి
అడుగూ అంచూ తెలిసేలా నొక్కుతాడు,
దర్జీ కొలత తీసుకున్నంత ఓపిగ్గా.
"రూపాయి మాయమైతాది. రూపాయి వైపు సూడండి.
గ్లాసుతో మనకేం పని?"
ఎత్తుతాడు. రూపాయి అక్కడే ఉంటుంది.
"థూ, ఈ పొద్దు మాట ఇనదే."
మళ్ళీ కప్పుతాడు. మళ్ళీ ఎత్తుతాడు.
దోసెల మంజునాథ గరిటెతో సహా వంగుతాడు.
అప్పుడు పేపరు మీద అరచేత్తో ఒక్క దెబ్బ.
అణిగిపోతుంది. లోపల గ్లాసు లేదు.

నా గల్లా పక్కవాటున ఉంది.
మాయకి పక్కవాటు పడదని
అతనికీ తెలుసు, నాకూ తెలుసు.
ఎత్తిన పేపరు ఒక్క క్షణం బల్ల అంచు దాటి వెనక్కొస్తుంది,
గ్లాసు ఒడిలోకి జారుతుంది,
మోకాళ్ళు దగ్గరకొస్తాయి.
అంతసేపూ అతని కళ్ళు రూపాయినే నమ్ముతాయి.
ఆ తర్వాత బల్ల మీద
ఖాళీ పేపరు, గ్లాసు ఆకారంలో.
లేనిది ఇంకాసేపు నిలబడి ఉండటం
నాకు చప్పట్ల కంటే ఇష్టం.

ఆషాఢం చివర్లో ఒక వాన రాత్రి
ఏప్రన్ తడిసి ఉంది. గ్లాసు ఒడిలో ఆగలేదు.
కళ్ళు మూసుకుని చప్పుడు కోసం చూశాను.
పద్దెనిమిది రూపాయలు.

చప్పుడు రాలేదు.

ఓబులేసు చెయ్యి బల్ల కింద తడుముకుంది.
"యాడికి పాయరా?" అన్నాడు, నిజంగా.
అందరూ పడీ పడీ నవ్వారు,
ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదని మంజునాథ ఈలేశాడు.

బల్ల కింద, ఉల్లి గోతం పక్కన,
ఊడ్చే చౌడమ్మ మనవరాలు కెంపి.
ఆరేళ్ళు.
ఎన్ని రాత్రులుగా అక్కడ్నించి చూస్తోందో
మాయంతా అడుగు నించి పైకి.
రెండు చేతుల మధ్య గ్లాసు, పిచ్చుకని పట్టినట్టు.
నా వైపు చూసి
తల అడ్డంగా ఊపింది.

ఆ రాత్రి లెక్కకి నూట ముప్పై తొమ్మిది.
పుస్తకంలో నూట నలభై అని రాశాను.
నా చేతికి తెలిసిన మాయ అదొక్కటే.

నాలుగు రోజులు ఓబులేసు డబ్బా మీద కూర్చోలేదు.
కడుగుతూ కడుగుతూ
ఏదో ఒక గ్లాసుని వెలుగుకెత్తి చూసేవాడు,
తెలిసినవాడు కొత్తగా కనబడినట్టు.

ఆదివారం మత్తికెరె సందులో పోతుంటే
చౌడమ్మ గుమ్మంలో కెంపి కూర్చుని ఉంది.
ముందర బోర్లించిన పాల క్రేటు, దానిమీద రూపాయి,
రూపాయి మీద పేపరు చుట్టిన మా గీతల గ్లాసు.
"రూపాయి నోడు మామా" అంది.

గౌను బిగించి
మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుంది.
నేను రూపాయి వైపే చూశాను.