రెండంగుళాల నీళ్ళు

ముల్లు డెబ్బై మీదే ఉంది, ఒట్టు.
అయినా చేను ఇంకా మనిషెత్తు కింద ఉండగానే
విమానం చేజారిన చెంబులా కూలబడింది.
పెద్ద దెబ్బేం కాదు. ఒక చక్రం, నా నాలుక.

ఏసుపాదం మేస్త్రీ ఏం మాట్లాడలేదు.
తన లెవెల్ పైపు తెచ్చాడు,
నర్సాపురంలో సగం అరుగుల్ని సరిచూసిన పైపు.
ఒక కొస మీటరుకి తొడిగి, రెండో కొస మెల్లగా పైకెత్తాడు.
నీటికీ నీటికీ రెండంగుళాల తేడా.
లెక్క ప్రకారం నూటమూడు.
ముల్లు నూటమూడు దగ్గరే ఆగింది, బుద్ధిగా.

"దీని తప్పేం లేదండి."
వారం నుంచి నేను తిట్టింది దీన్నే.

మర్నాడు గాలి లేవకముందే కాలువ వెంట ఎగిరాను,
లాకు నుంచి లాకుకి, మళ్ళీ వెనక్కి,
ఒక కన్ను గడియారం మీద.
పోయిన వేగం, వచ్చిన వేగం కలిపి సగం చేస్తే
ముల్లు మాటకి పన్నెండు తక్కువ.

అప్పుడు డాష్‌బోర్డు వెనక తడిమితే వేలికి తగిలింది:
పక్కగోడ చిల్లు నుంచి రావాల్సిన సన్న గొట్టం
జాయింటు ఊడి, లోపలే వేలాడుతూ.
బయటి గాలి సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.
కిటికీ సందు లాగేయగా మిగిలిన
నా పల్చటి గాలినే ప్రపంచమనుకుని
నన్ను గొప్పచేసి చూపించింది.

రొయ్యల చెరువు మోటారు క్లిప్పొకటి బిగించాను, ఐదు రూపాయలది.
ఏసుపాదం పైపులో నీళ్ళు పారబోసి,
చుట్టచుట్టి భుజాన వేసుకున్నాడు.
ఎవరిదో పునాది ఉందట.