ఆరువందల పన్నెండో కిలోమీటరు

పటం నాలుగు మూలలకీ నాలుగు టీ గిన్నెలు పెట్టాం.
గోబీ గాలి గుడారంలోకి కూడా వస్తుంది.
ఆకుపచ్చ అంటే రక్షిత ప్రాంతం,
గులాబి అంటే గనులవాళ్లకి ఇచ్చేసింది,
మధ్యలో చుక్కలచుక్కల దారి జింకలది.
ఆ చుక్కలు పెట్టడానికి మూడేళ్లు పట్టింది నాకు.

త్సెరెన్‌దులాం కళ్లద్దాలు తుడుచుకుని
పటం మీద వేలితో నెమ్మదిగా నడిచింది.
"ఈ ఏరు చచ్చిపోయి పదకొండేళ్లయింది,
ఇంకా నీలంగా ఎందుకుంచావు?"
నా చుక్కల దగ్గర ఆగి,
"ఇది నీకెవరు చెప్పారు?"
తొమ్మిది జింకల మెడపట్టీలు చెప్పాయన్నాను.
"మిగతా వేలు చెప్పలేదు కదా.
అవి దారిని బట్టి పోవు అబ్బాయ్,
వాన వాసనను బట్టి పోతాయి.
ఈ ఏడు ఇటు కురిసింది, పైయేడు ఎటో.
వానకి గీత గియ్యి, చూద్దాం."

గనుల కంపెనీ గాన్‌సుఖ్ నవ్వాడు.
తన మూల మీది గిన్నె తీసి మళ్లీ పోయించుకున్నాడు.
ఆ మూల చుట్టుకుపోయి గులాబి రంగు దాక్కుంది.
ఎవరూ సరిచేయలేదు.

చీకటి పడేసరికి అందరం ఒప్పుకున్నది ఒక్కటే:
రైలుకంచె.
ఆమె పుట్టకముందు నుంచీ ఉన్నది.
చలికాలం చలికాలం ముళ్లతీగకి వేలాడే బొచ్చు
ఏరి ఏరి ఆమె ఒక సంచిలో దాచింది.
ఆ సంచి తెచ్చి పటం మీద బోర్లించింది.
ఇక ఏ రంగూ కనిపించలేదు.

అక్టోబరులో తీగ కోశాం.
అడిగింది నలభై కిలోమీటర్లు,
ఇచ్చింది ఎనిమిది వందల మీటర్లు.
నవంబరులో మంద వచ్చింది.
వచ్చి, తీగ లేనిచోట
తీగ ఉన్నట్టే ఆగింది.
గీసిన గీత దాటని పెద్ద జింకలు
లేని కంచె వెంట
బారులు తీరి ఉత్తరానికి నడిచాయి.

నేను బైనాక్యులర్ దించేశాను.
ఆమె దించలేదు.
"ఉండు. ఈ ఏడు పుట్టినవి
ఇంకా నేర్చుకోలేదు."

గూడ్సుబండికి ఇరవై నిముషాలుంది.
ఒక బక్కపిల్ల, వరుస తప్పి,
కంకర మీద గిట్టలు జారుతూ
పట్టాలెక్కి, దిగి, అవతల గడ్డి కొరికి,
తల తిప్పి తల్లికేసి చూసింది.

నివేదికలో 'దాటినవి' అన్న గడిలో
ఒకటి అని రాశాను.
రాజధాని నుంచి ఫోను:
పక్కన సున్నాలు మర్చిపోయారా?