తొమ్మిది డిగ్రీలు

మా కంపెనీ మొత్తం ఏడుగురం.
లేబ్ లేదు, వ్యాను లేదు, ఐసు డబ్బా కూడా లేదు.
సీతమ్మధారలో మెట్ల కింద గది,
ఇంకా పేరు పెట్టని మందొకటి, అంకెతో పిలుస్తాం.

తక్కినవన్నీ అద్దె చేతులు.
రక్తం తీసేది ఒకరు, మోసేది ఒకరు,
లెక్కలు కట్టేది హైదరాబాద్‌లో ఎవరో,
ఫోను చేస్తే పాట పెట్టి నిలబెడతారు.

నిన్న రాత్రి పదకొండున్నరకి గౌరునాయుడు:
"మేడమ్, అనకాపల్లి నుంచొత్తంటే గాజువాక కాడ జామైపోనాది.
డబ్బా తొమ్మిది డిగ్రీలకెల్లిపోనాది. నలబై నిమిషాలు.
మీరు సూసీలోగా నానే సెప్పేద్దామని."

ఎనిమిది దాటకూడదు.
పద్నాలుగు గొట్టాలు పారబోయాలి.
పద్నాలుగురు మళ్లీ పరగడుపున బస్సెక్కి రావాలి.
వాళ్లలో ఒకామె పోయినసారే అడిగింది,
ఇంకా ఎంత తీస్తారమ్మా అని.
ఒప్పందం పద్దెనిమిదో పేజీ నాకు కంఠతా వచ్చు:
జరిమానా ఎంతో, ఎన్నాళ్లలో కట్టాలో.

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ వెనక అతని షెడ్డుకి వెళ్లాను.
పక్కనే చేపల లారీలకి ఐసు కొట్టే మర,
మాట వినపడాలంటే అది ఆగాలి.
కుర్చీ తుడిచి నాకు వేశాడు. తను కూర్చోలేదు.
పద్దెనిమిదో పేజీ సంచిలోనే ఉంది.
తియ్యలేదు. వదిలేశాననీ చెప్పలేదు.
మర ఆగాక, "రెండో డబ్బా ఖరీదెంత?" అన్నాను.

బిల్లు వెనకాల ఇద్దరం దారి గీశాం:
సబ్బవరం, పెందుర్తి. గాజువాక వద్దు.
పెన్ను ఆపి అన్నాడు:
"ఇంకో పార్టీ అయితే సెప్పకపోదును మేడమ్."

గదికి వచ్చేసరికి హైదరాబాద్ నుంచి నెల రిపోర్టు.
తొంభై రెండు పేజీలు. అంతా సవ్యం.
మొదటి నుంచీ మళ్లీ చదవడం మొదలుపెట్టాను.