మూడో మూత

గొజ్జాం కొండల మీద
హామ్లె నెల వాన కాస్త తెరిపిచ్చిన పూట
చెప్పులకి రెండంగుళాల నల్లమన్ను మోసుకుంటూ
అందువాలెం గుమ్మంలో నిలబడి అడిగాడు:
"ఇంటి యజమాని ఉన్నారా?"

ఉన్నాడు. నడుము పడిపోయి రెండేళ్ళుగా
మంచం మీదే ఉన్నాడు.
దున్నడానికి మరిది వస్తాడు, మిగతాదంతా ఎవరని
ఆ కుర్రాడు అడగలేదు, నేను చెప్పలేదు.

మంచం పక్కన కూర్చుని చెప్పాడు:
టెఫ్‌ని వెదజల్లకూడదట,
తాడు పట్టి జానెడు ఎడంగా సాలు పొయ్యాలట.
నేను కాఫీ గింజలు వేయిస్తూ విన్నాను.
పొగ ఆయన వైపు, మాట నా వైపు.

టెఫ్ మీకు తెలీదేమో,
దాని ముందు ఆవగింజ గుమ్మడికాయ.
అరచేతి గీతలో ఇరుక్కుంటే
రాత్రి చేతులు కడిగేదాకా కనపడదు.
దాన్ని సాలులో పొయ్యమంటే
గాలిని దారానికి గుచ్చమన్నట్టే.
పెనం కేసి తిరిగి నవ్వుకున్నాను.

అయినా
ఎవరి కంటా పడని మూల చూసుకుని
సీసా మూతకి మేకుతో చిల్లు పెట్టాను.
మొదటిది పెద్దదై గింజలు ధార కట్టాయి.
రెండోది తడి తగిలి మూసుకుపోయింది.
మూడో మూత నా కూతురి సీసాది.
అది వారం రోజులు బడికి దాహంతో వెళ్ళింది.

మా అత్త గట్టు మీద నించుని
"చేనుకి జడలేస్తున్నావా?" అంది.

నా నడుము ఎంత లాగిందో రాయడానికి
ఆ కుర్రాడి కాగితంలో గడి లేదు.
కలుపు తీసేందుకు కాలు పెట్టే చోటు దొరికింది,
అది మాత్రం నిజం.
వడగళ్ళకి చల్లిన చేనంతా చాపలా పరుచుకుంటే
నా మూల సగం నిలబడింది.
సగమే.
తూర్పారబట్టి విడిగా కొలిచాను, రెండుసార్లు.
గంపన్నర ఎక్కువ.
అందులో గంప ఎరువు అప్పు తినేసింది.

అందువాలెం మళ్ళీ వచ్చి రిజిస్టరు తెరిచాడు:
ఆదర్శ రైతు, గాషావ్.
మంచంలోంచి ఆయన చెయ్యెత్తి నన్ను చూపించాడు.
"యల్గానెష్ అని రాయి."
కలం ఆగింది.
కొట్టివేతలుంటే పై ఆఫీసులో అడుగుతారన్నాడు.
పాపం, చెమటలు పట్టాయి.
కోతల్లోపే బదిలీ అయ్యాడు.

ఈ హామ్లెకి ఇంకో కుర్రాడు.
"యజమాని..." అంటూ మొదలెట్టాడు,
సాళ్ళ గురించి చెప్పబోయాడు.
మూడో మూత అతని చేతిలో పెట్టాను.
ఎత్తి, చిల్లులోంచి వెలుతురు చూసి
"ఏ మేకుతో పెట్టారమ్మా?" అన్నాడు.

అప్పుడు పీట వేశాను.