పదో గీత

చిత్తూరు బజారు వీధిలో నా అంగడి.
కప్పులు, షీల్డులు, ప్లాస్టిక్కు కిరీటాలు.
అప్పట్లో అక్షరానికి రెండు రూపాయలు,
చుక్కకీ కామాకీ దుడ్లు తీసుకోను.
గెలిచినోళ్ళ పేర్లే చెక్కి చెక్కి
ఓడినోళ్ళ పేరు ఎట్ల రాస్తారో
నా ఉలికి తెలీదు.

మామిడికాయల కాలం.
గుజ్జు ఫ్యాక్టరీల దిక్కునుంచి పులిసిన తీపి వాసన
ఈగల్ని తోలుకొచ్చి కప్పుల్లో కూర్చోబెట్టే దినాలు.
అప్పుడొచ్చినాడు ఎబినేజరు సారు,
మిషన్ స్కూలు డ్రిల్లు మాస్టరు,
మెడలో విజిలు, చంకలో ఇత్తడి రేకు.

"తొమ్మిది సంవత్సరాలు చెక్కల్ల" అనె.
"మన స్కూలు తొమ్మిది తూర్లు గెలిచిందా సారూ?"
"మన స్కూలు సెమీస్ మొగమే చూళ్ళేదు.
ఇది ఇటలీలో, సముద్రం ఒడ్డున,
జెనోవా అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు."

చీటీ ముందర పెట్టుకుని మొదలుపెట్టినాను.
పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది.
ఆ దేశంలో మొదటి పోటీ, నాలుగే జట్లంట.
పొద్దున మొదలుపెట్టి మాపటికి ముగించేసినారంట,
మా ఇండ్లల్లో నిశ్చితార్థం కూడా అంత బిరీన కాదు.
తొంభై తొమ్మిది. పంతొమ్మిది వందలు.
ఒకటి లేదు.
"ఒకటెందుకు లేదు సారూ?"
"ఆ యేడు మిలాను వాళ్ళది. నువ్వు చెక్కు."
రెండు, మూడు, నాలుగు.
ఆమీట పదేండ్లు ఏమీ లేదు. తరువాత పదహైదు.

ఆడ నా చెయ్యి పట్టుకున్నాడు సారు.
"ఇది రోంత లోతు తక్కువగా చెక్కప్పా.
ఆఖరి ఆట ఆడకముందే యుద్ధం వచ్చేసింది.
పిలకాయలు బూట్లు మార్చుకుని
ఇంకో మైదానానికి పోయినారు.
కప్పు ఎప్పుడో తరువాత ఇచ్చినారు.
రోములో ఒక క్లబ్బు ఇప్పటికీ
అందులో మాకూ పాలుందంటా వుంది."
లోతు తక్కువగానే చెక్కినాను.
ఇరవై మూడు. ఇరవై నాలుగు.
అంతే.

మూలలో ఒక బొమ్మ కావాలనె,
సింహం ఒళ్ళు, గద్ద తల, ఆ క్లబ్బు గుర్తంట.
నాకొచ్చింది కోడి మాదిరి.
"పోనీలే, ముక్కయితే వుంది గదా" అనె సారు.

అడుగున బొటనవేలంత జాగా మిగిలింది.
"ఈడ పువ్వు పెట్టేదా?"
"వద్దు. అది పదోది.
పది గెలిస్తే అంగీమీద నక్షత్రం కుట్టుకోవచ్చు ఆడ.
కింది తరగతికి పడినారు, లేచినారు, మళ్ళా పడినారు,
తాతల కాలం నుంచీ సూదిలో దారం ఎక్కించుకుని
కూర్చోనుండారు ఆ ఊరోళ్ళు."

తొమ్మిదేండ్లకి నాలుగేసి అంకెలు,
ముప్పై ఆరు, డెబ్భై రెండు రూపాయలు.
సారు ఎనభై ఇచ్చి చిల్లర వద్దనె.
"ఖాళీ గీతకి నాలుగంకెలు" అనె.
ఏమీ చెక్కనిదానికి దుడ్లు తీసుకునింది
నా జన్మలో అదొక్క తూరే.

ప్రతి జూన్‌లోనూ రేకు తెస్తాడు తోమడానికి.
చింతపండేసి రుద్దతాను.
అంకెల గుంతల్లో మురికి దిగి కూర్చునింది,
ఎంత రుద్దినా రాదు.
ఏమీ లేని జాగాలో మాత్రం
నా మీసం వెంట్రుకతో సహా అగుపడతాది.
"మన పిలకాయలెట్ల ఆడినారు సారూ ఈ యేడు?"
"పలమనేరు మీద మూడు సున్నా."
"అబ్బా!"
"మూడు వాళ్ళది."

సారు రిటైరై గుడియాత్తంలో కూతురింటికి పోయినాడు.
మొన్న స్కూలు అటెండరు సుందరేశు తెచ్చినాడు ఆ రేకు.
కొత్త కరస్పాండెంటు కంట్లో పడిందంట,
అడుగున ఖాళీ తన కోసమే అనుకున్నాడంట.
పేరు, రెండు డిగ్రీలు, ఇంటిపేరు ముందర.
ఇప్పుడు అక్షరానికి ఐదు.
దుడ్లు లెక్కపెట్టి బల్లమీద పెట్టినాడు.

"ఆ జాగాకి ముందే కట్టేసినోళ్ళు వుండారు" అంటిని.
"ఎవురు?"
"ఏమో. ఇటలీలో. పుట్టినారో లేదో ఇంకా."

వాడు నా మొగం చూసె, రేకు చూసె,
నూటొకటో నూట రెండో ఏండ్ల ఖాళీని
చొక్కా అంచుతో ఒకసారి తుడిసె.
ఆమీట మూలలో కోడిని చూసి
నవ్వె.